మైకు ముందు నిలబెట్టే నెల రోజులు: నల్లగొండలోని ఒక ప్రసంగ శిక్షణ కేంద్రంపై సమీక్ష

నల్లగొండ క్లాక్ టవర్ సెంటర్ నుంచి నడిచి వెళ్లేంత దూరంలో, ఒక మందుల దుకాణం పైన రెండో అంతస్తులో, సభల్లో మాట్లాడటానికి జంకేవారికి నెల రోజుల శిక్షణ ఇచ్చే కేంద్రం ఒకటి నడుస్తున్నది. సోమవారం నుంచి శుక్రవారం దాకా సాయంత్రం ఆరున్నర నుంచి ఎనిమిది వరకు తరగతి ఉంటుంది. శనివారం మాత్రం పక్క వీధిలోని చిన్న ఫంక్షన్ హాలులో బయటివారిని కూర్చోబెట్టి సభ జరుపుతారు. ఫీజు ఆరు వేల రూపాయలు, రెండు విడతల్లో కట్టవచ్చు. ఒక బ్యాచులో ఇరవై మందికి మించి చేర్చుకోరు. చేరాలా వద్దా అని ఆలోచిస్తున్న వారికి ఉపయోగపడుతుందని, ఆ కోర్సు పూర్తిచేసిన వాడిగా ఈ సమీక్ష రాస్తున్నాను. నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను: కట్టిన డబ్బుకు న్యాయం చేసేది ఆ శనివారం సభే. మిగతా వాటిలో కొన్ని దానికి తోడ్పడతాయి, కొన్ని కాలక్షేపం, ఒకటి రెండు మాత్రం కేంద్రం వారు మార్చుకోక తప్పనివి.

నేను వ్యవసాయ విస్తరణ అధికారిగా పనిచేస్తున్నాను. బత్తాయి తోటలో చెట్టు కింద నిలబడి ఒక రైతుతో వేరుకుళ్లు గురించి గంటసేపు మాట్లాడమన్నా నాకు ఇబ్బంది లేదు. అదే విషయాన్ని రైతు వేదికలో వంద మంది ముందు, మొదటి వరుసలో ప్రజాప్రతినిధులూ పై అధికారులూ కూర్చుని ఉండగా చెప్పవలసి వచ్చినప్పుడు మాత్రం గొంతు తడారిపోయేది. మా బ్యాచులో దాదాపు అందరిదీ ఇదే పరిస్థితి. మిర్యాలగూడ నుంచి వచ్చే రైసు మిల్లు యజమాని బేరానికి కూర్చుంటే ఎదుటివారికి మాట దొరకదు; తాను విరాళమిచ్చిన బడిలో శాలువా కప్పి "రెండు మాటలు మాట్లాడండి" అంటే మాత్రం ఆయన దండం పెట్టి కూర్చుండిపోతారు. కొత్తగా గెలిచిన ఒక మహిళా సర్పంచి మహిళా సంఘంలో లెక్కలన్నీ నోటితోనే అప్పజెప్పగల మనిషి. గ్రామసభలో మైకు చేతికిస్తే పక్కనున్న భర్తకు అందించేవారట. రెండు నెలలకొకసారైనా గ్రామసభ జరపాలని 2018 నాటి తెలంగాణ పంచాయతీరాజ్ చట్టం చెబుతున్నది కాబట్టి ఆమెకు తప్పించుకునే దారి లేదు. స్థానిక సంస్థల్లో సగం స్థానాలు మహిళలవైన ఈ రోజుల్లో ఇలాంటి శిక్షణ ఇంటర్వ్యూలకు వెళ్లే విద్యార్థులకన్నా ఆమె వంటి వారికే ఎక్కువ అవసరమని నాకనిపించింది. కేంద్రం గోడ మీది పోస్టర్లలో మాత్రం టై కట్టుకున్న కుర్రాళ్లే కనిపిస్తారు.

మొదటి సాయంత్రం శిక్షకుడు భయం గురించి అరగంట మాట్లాడారు. పాఠంగా చెప్పినవాటిలో నాకు బాగా నచ్చిన భాగం అదే. పదుల కళ్లు ఒకేసారి మన మీద పడినప్పుడు మెదడు దాన్ని ఆపదగా లెక్కగట్టి అడ్రినలిన్‌ను విడుదల చేయిస్తుందని, అందువల్ల గుండె వేగం పెరగడం, ఊపిరి పైపైనే ఆడటం, నోట్లో తడి ఆరిపోయి నాలుక పిడచకట్టుకుపోవడం, వేళ్లు చల్లబడి వణకడం జరుగుతాయని, ఇదంతా శరీర ధర్మమే తప్ప పిరికితనం కాదని వివరించారు. ఈ ఉధృతి మొదటి ఒకటి రెండు నిమిషాల్లోనే ఎక్కువగా ఉండి, మాట్లాడుతున్న కొద్దీ దిగుతుందని చెప్పి, ఆ రెండు నిమిషాలను దాటించే ఉపాయాలు నేర్పారు. ప్రసంగం మొత్తం కంఠస్థం చేయవద్దు గానీ మొదటి మూడు వాక్యాలు నిద్రలో లేపి అడిగినా వచ్చేటట్టు ఉండాలి. లేచి నిలబడే ముందు ఊపిరి పీల్చడంకన్నా వదలడం నిదానంగా జరగాలి. చేతిలో పెద్ద కాగితం ఉంటే వణుకు రెట్టింపై కనిపిస్తుంది కాబట్టి, పెళ్లి పత్రికంత మందమున్న అట్టముక్క మీద నాలుగు ముక్కలు రాసుకోవాలి. చిన్న విషయాలే, అయినా ఇవన్నీ నేను ఎన్నో ప్రభుత్వ శిక్షణ కార్యక్రమాల్లో కూర్చుని కూడా వినలేదు.

మన భయం ఎదుటివారికి మనం అనుకున్నంతగా కనిపించదన్నది ఆయన చెప్పిన మరో ముఖ్యమైన సంగతి. సావిట్స్కీ, గిలోవిచ్ అనే అమెరికా మనస్తత్వ శాస్త్రవేత్తలు 2003లో ప్రచురించిన ప్రయోగాల్లో, వక్తలు తమ కంగారు సభకు తెలిసిపోతున్నదని అతిగా ఊహించుకుంటారని, ఆ ఊహ నిజం కాదని ముందే చెప్పి పంపిన వారు మెరుగ్గా మాట్లాడారని తేలింది. ఈ కేంద్రంలో ఆ సంగతిని మాటలతో వదిలేయకుండా ప్రతి ఒక్కరి ప్రసంగాన్నీ ఫోనులో తీసి తరవాతి తరగతిలో చూపిస్తారు. సర్పంచి గారు తన వీడియో చూసుకుంటూ, "నా చెయ్యి గంత వణికె గదా సార్, ఇండ్ల కనిపిస్తనే లేదేంది?" అని అడిగినప్పుడు గదిలో అందరం నవ్వాం. అయితే ఆమె తరవాతి ప్రసంగంలో తేడా నాకు స్పష్టంగా కనిపించింది. కొంగు చివర పట్టుకుని నలపడం మానేశారు.

అభ్యాసాలను మెట్లు మెట్లుగా అమర్చారు. మొదట ఏమీ మాట్లాడకుండా అందరి ముఖాలనూ చూస్తూ రెండు నిమిషాలు నిలబడాలి. వినడానికి తేలికగా ఉంటుంది గానీ, ఆ రెండు నిమిషాల్లో చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియక కొందరు జేబులు తడుముకున్నారు, ఒకరు గడియారం తిప్పుతూనే ఉన్నారు. ఆ తరవాత దినపత్రికలోని ఒక వార్తను పైకి చదవడం, తెలిసిన పనిని వివరించడం, నచ్చని అభిప్రాయాన్ని సమర్థించి మాట్లాడటం వరుసగా వస్తాయి. భయపడే పనిని కొద్దికొద్దిగా, పదే పదే చేయించడం మానసిక చికిత్సలో బాగా నిలదొక్కుకున్న పద్ధతి. ఇక్కడ ఆ పేరు ఎత్తకుండానే దాన్ని పాటిస్తున్నారు. మధ్యలో రెండు సాయంత్రాలు వ్యక్తిత్వ వికాసం పేరుతో లక్ష్యాలు, విజయ రహస్యాలు అంటూ గడిపేశారు. వాటి గురించి రాయడానికేమీ లేదు.

మైకు కోసం కేటాయించిన సాయంత్రం గురించి మాత్రం రాయాలి. మైకును తల దగ్గర జాలీ మీద పట్టుకోకూడదని, పిడి మధ్యలో పట్టుకుని నోటికి నాలుగు వేళ్ల దూరంలో గడ్డం ఎత్తున ఉంచాలని, తల తిప్పినప్పుడు మైకు కూడా తలతో పాటే తిరగాలని ఒక్కొక్కరి చేత చేయించారు. మైకు పట్టుకుని సౌండు బాక్సు ముందుకు నడిస్తే కీచుమని ఎందుకు కూస్తుందో చేసి చూపించారు: బాక్సులోంచి వచ్చిన ధ్వనినే మైకు మళ్లీ అందుకుని ఆంప్లిఫయరుకు పంపుతుంది, అది మరింత పెద్దదై బాక్సులోంచి వస్తుంది, ఆ చక్రం తెగేదాకా కూత ఆగదు. ఊదడం, తట్టడం, "హలో హలో" అనడం ఆపరేటరు పనే తప్ప వక్త పని కాదన్నారు. మనకన్నా ముందు మాట్లాడినవారి ఎత్తుకు ఉన్న స్టాండును తొందర లేకుండా సరిచేసుకోవాలని, ఆ నాలుగైదు సెకన్ల మౌనాన్ని సభ తప్పుపట్టదని చెప్పారు. తన గొంతు తనకే పరాయిగా వినిపించి కంగారు పడేవారు చాలామంది ఉంటారు; మామూలుగా మన మాట మనకు కొంత గాలి ద్వారా, కొంత తల ఎముకల ద్వారా వినిపిస్తుంది గనుక బాక్సులోంచి వచ్చే గొంతు వేరుగా ఉంటుందని తెలిశాక సగం కంగారు తగ్గింది. మన ఊళ్లలో మైకు ముందు చాలామంది తడబడటానికి విషయం తెలియకపోవడంకన్నా ఆ వస్తువు అలవాటు లేకపోవడమే పెద్ద కారణమని నా నమ్మకం.

ఇక శనివారం సభ. ఇందులో కూర్చునేవారు శిక్షణార్థులు కారు. పాత బ్యాచుల వారి బంధువులు, రిటైరైన ఉద్యోగులు, పక్క దుకాణాల్లో పనిచేసేవారు, బజారుకు వచ్చి బస్సు టైము దాకా నీడ కోసం కూర్చున్నవారు కలిపి ముప్పై నలభై మంది ఉంటారు. వారికి చాయ్, మిర్చి బజ్జీ ఇస్తారు తప్ప ఎలా ఉండాలో ఏమీ చెప్పరు. అందువల్ల ఫోన్లు మోగుతాయి, పిల్లలు ఏడుస్తారు, నచ్చకపోతే లేచి వెళ్లిపోతారు. తరగతి గదిలో ఒకరి భయం ఒకరికి తెలుసు కాబట్టి అందరం అందరికీ చప్పట్లు కొడతాం. ఆ చప్పట్లకు అలవాటుపడి బయటికి వెళ్తే మొదటి సభలోనే దెబ్బతింటాం. ఈ తేడాను గుర్తించి, అపరిచితులను తెచ్చి కూర్చోబెట్టడానికి ప్రతి వారం హాలు అద్దె భరిస్తున్నందుకు కేంద్రాన్ని మెచ్చుకోవాలి.

నాకు ఒక శనివారం వరి కొయ్యలు కాల్చడం వల్ల కలిగే నష్టం గురించి ఐదు నిమిషాలు మాట్లాడమని చీటీ వచ్చింది. శాఖ కరపత్రంలోని వాక్యాలే వరుసగా చెప్పుకుపోతున్నాను. "సార్, జర గట్టిగ మాట్లాడుండ్రి, ఎన్కకు ఇనొస్తలేదు" అని వెనుక వరుస నుంచి ఒక గొంతు వచ్చింది. సర్దుకుని కొనసాగించేలోపే, పక్కనే కూర్చున్న ఒక పెద్దాయన లేచి, "కాలవెట్టకుంటే ఏం జెయ్యాలె మరి? కూలోళ్లు యాడ దొర్కుతున్నరు?" అని నిలదీశారు. అప్పుడు కరపత్రం వదిలేసి, చేను దగ్గర చెప్పినట్టే, ఎకరానికి యాభై కిలోల సూపర్ ఫాస్ఫేటు చల్లి నీళ్లు పెట్టి దమ్ము చేస్తే కొయ్యలు త్వరగా మురుగుతాయని, మన భూముల్లో తగ్గిపోతున్న సేంద్రియ పదార్థం దానితో కొంత నిలుస్తుందని, ఆయన మాటల్లోనే ఆయనకు జవాబు చెప్పాను. మొదటి రెండు నిమిషాలకూ ఆ తరవాతి మూడు నిమిషాలకూ ఉన్న తేడా వీడియోలో ఎవరికైనా కనిపిస్తుంది. భుజాలు దిగాయి, చెయ్యి తనంతట తానే కదిలింది, వాక్యాలు పొట్టివయ్యాయి. సోమవారం తరగతిలో శిక్షకుడు దాన్ని ఆపి ఆపి చూపిస్తూ, వంద మందితో మాట్లాడుతున్నానని అనుకోకుండా ఆ వందలో ఒకరి ప్రశ్నకు జవాబిస్తున్నట్టు తయారుకావాలని, ఎవరూ అడగకపోయినా ఆ ప్రశ్నను మనమే ఊహించుకోవాలని చెప్పారు. ఇప్పుడు రైతు వేదికలో నేను మొదలుపెట్టేదే రైతులు అడిగే ప్రశ్నతో.

వేదిక మీది పెద్దల పేర్లు చదివే విషయంలో వీరు ఇచ్చే సాధన మరెక్కడా దొరకదనుకుంటాను. మన సభల్లో వక్తకు సగం భయం ఇక్కడే: ఎవరి పేరు ముందు రావాలి, ఎవరి పదవి మారింది, ఆలస్యంగా వచ్చి చివరి కుర్చీలో కూర్చున్నవారి పేరు పోతే రేపు ఏం జరుగుతుంది. హోదా వరుసలో పేర్లు రాసుకోవడం, ఇంటిపేరుతో సహా ఉచ్చారణను పక్కవారిని అడిగి సరిచూసుకోవడం, అధ్యక్షులు ఒకసారి అందరినీ పేరుపేరునా సంబోధించాక తరవాతి వక్తలు ముఖ్య అతిథిని ప్రస్తావించి "వేదిక మీది పెద్దలందరికీ నమస్కారం" అని విషయంలోకి వెళ్లడం సాధన చేయించారు. మధ్యలో ఒక కొత్త అతిథిని తెచ్చి కూర్చోబెట్టి తడబాటు లేకుండా చేర్చుకోమన్నారు. వందన సమర్పణకు కూడా ఇలాగే ఒక పూట కేటాయించి ఉంటే బాగుండేది. ఉద్యోగులకు ఎక్కువగా తగిలేది ఆ పనే.

ఇప్పుడు లోపాలు. కోర్సులో చేరిన వారికి ఇచ్చే పుస్తకం రంగుల అట్టతో బాగుంది గానీ లోపల కొన్ని మాటలను సరిచూడకుండా అచ్చువేశారు. శ్రోత మీద పడే ప్రభావంలో మాటల వంతు 7 శాతమేనని, మిగతాది గొంతు, హావభావాలదని అందులో పెద్ద అక్షరాలతో ఉంది. ఈ లెక్కకు మూలమైన, మనస్తత్వ శాస్త్రవేత్త ఆల్బర్ట్ మెహ్రాబియన్ 1967లో చేసిన ప్రయోగాలు విడి మాటలకూ, గొంతుకూ, ముఖ కవళికలకూ పొంతన కుదరనప్పుడు ఎదుటివారి ఇష్టాయిష్టాలను మనం దేన్ని బట్టి అంచనా వేస్తామన్న దానికి సంబంధించినవి. ప్రసంగాలన్నిటికీ ఆ లెక్క వర్తించదని ఆయనే స్పష్టం చేశారు. మాటల విలువ 7 శాతమే అయితే నేను రైతుకు మందు మోతాదు చేతి సైగలతో చెప్పవలసి ఉంటుంది. అలాగే జనం చావుకన్నా ప్రసంగానికే ఎక్కువ భయపడతారన్న వాక్యం. 1973 నాటి ఒక అమెరికా సర్వేలో భయాల జాబితా ఇచ్చి వర్తించేవన్నీ ఎంచుకోమంటే సుమారు 41 శాతం మంది ప్రసంగాన్ని, 19 శాతం మంది చావును పేర్కొన్నారు. ఎక్కువ మంది ఎంచుకున్నారంటే ఎక్కువగా భయపడుతున్నారని కాదు. 2012లో ఇద్దరు పరిశోధకులు విద్యార్థులను అన్నిటికన్నా పెద్ద భయం ఏదని అడిగితే చావే ముందు నిలిచింది. భయంతో వచ్చినవారి చేతిలో ఆ భయాన్ని ఇంకా పెంచే వాక్యం పెట్టడం ఎందుకో నాకు అర్థం కాలేదు.

భాష విషయంలో నా అసంతృప్తి ఇంకా పెద్దది. ఆయన మంచి శిక్షకుడే గానీ, ఎవరైనా "గట్ల", "వస్తున్నరు" అనగానే ఆపి సరిదిద్దుతారు. ప్రామాణిక భాష తెలిసి ఉండటం అవసరమే. కలెక్టరేట్ సమావేశంలో ఒకలా, ఊరి సభలో మరోలా మాట్లాడటం ఎవరైనా నేర్చుకోవలసిందే. కానీ ఏ సభకు ఏ మాట అన్న వివేకం నేర్పకుండా ఇంట్లో మాట్లాడే మాటే తప్పన్నట్టు సరిదిద్దితే, అప్పుడే నోరు విప్పుతున్న మనిషి మళ్లీ ముడుచుకుపోతాడు. 1921 నవంబరులో, నిజాం పాలనలోని హైదరాబాదులో, మహారాష్ట్ర సంఘ సంస్కర్త కార్వే అధ్యక్షతన జరిగిన సంఘ సంస్కరణ సభలో న్యాయవాది ఆలంపల్లి వెంకట రామారావు తెలుగులో మాట్లాడబోతే గేలి చేసి కూర్చోబెట్టారు. ఆ అవమానమే ఆంధ్ర జన సంఘం పుట్టుకకు కారణమైంది. ఆ సంఘం నుంచి ఎదిగిన ఆంధ్ర మహాసభ రెండో సమావేశం 1931లో ఇదే జిల్లాలోని దేవరకొండలో బూర్గుల రామకృష్ణారావు అధ్యక్షతన జరిగింది, 1944లో భువనగిరి సభ రావి నారాయణరెడ్డి అధ్యక్షతన జరిగింది. సభకూ నోటి మాటకూ ఇంత చరిత్ర ఉన్న గడ్డ మీద నడిచే తరగతిలో చూపించిన వీడియోలన్నీ ఇంగ్లీషులోనివే. మాడ్గులకు చెందిన జైపాల్ రెడ్డి పోలియో వల్ల చంకకర్రల సాయంతో నడుస్తూనే పార్లమెంటులో పేరున్న వక్తగా నిలిచి 1998లో ఉత్తమ పార్లమెంటేరియన్ పురస్కారం పొందారు. ఆయన ప్రసంగం ఒక్కటైనా చూపించి ఉండవచ్చు. సర్పంచి గారికి తెలియని భాషలోని వీడియోలో వక్త చేతులు తప్ప ఇంకేమీ అర్థం కాలేదని ఆమే అన్నారు.

మరొక విషయం కేంద్రం మొదటి రోజే చెప్పాలి, చెప్పడం లేదు. మా బ్యాచులో ఒకరు సభకు ముందు గుండెదడ తగ్గడానికి ప్రొప్రనొలాల్ మాత్ర వేసుకుంటే చాలని ఎవరో చెప్పారంటూ మిగతావారికీ సలహా ఇచ్చారు. అది డాక్టరు చీటీ మీద వాడవలసిన మందు, ఉబ్బసం ఉన్నవారికి ప్రమాదకరం. శిక్షకుడికి తెలిసి వెంటనే వారించారు గానీ, పుస్తకంలో దీని మీద ఒక్క వాక్యం లేదు. అలాగే సభలోనే కాదు, నలుగురిలో భోజనం చేయడానికి, ఫోను ఎత్తడానికి కూడా నెలల తరబడి భయపడేవారి సమస్య ఇలాంటి తరగతితో తీరేది కాదు. అలాంటివారు ముందుగా మానసిక వైద్యులను కలవాలి. ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయవాణి టెలీ మానస్ 14416కు ఫోను చేసినా దారి చూపుతారు.

ఫీజు గురించి ఒక పోలిక. ప్రసంగ సాధన కోసం 1924లో అమెరికాలో మొదలైన టోస్ట్‌మాస్టర్స్ క్లబ్బులు హైదరాబాదులో చాలా ఉన్నాయి. అక్కడ ఖర్చు తక్కువ, ఐదు నుంచి ఏడు నిమిషాల ప్రసంగానికి ఆకుపచ్చ, పసుపు, ఎరుపు దీపాలతో సమయం గుర్తుచేసే పద్ధతి చాలా బాగుంటుంది, నెలతో ఆగిపోకుండా ఏళ్ల తరబడి కొనసాగవచ్చు. కానీ ఎక్కువ క్లబ్బుల్లో మాట ఇంగ్లీషులోనే నడుస్తుంది, పైగా సుమారు వంద కిలోమీటర్ల దూరం. హైదరాబాదులో ఉంటూ ఇంగ్లీషులో మాట్లాడవలసిన ఉద్యోగం చేసేవారికి అవే మేలు. తెలుగులో, మన సభల్లో, మన మైకుల ముందు మాట్లాడవలసిన వారికి ఈ కేంద్రమే తగినది. ఐదింటికి మూడున్నర ఇస్తాను. పుస్తకాన్ని సరిచేసి, తెలుగు ప్రసంగాలు చూపించి, వ్యక్తిత్వ వికాసం స్థానంలో మరో శనివారం సభ పెడితే నాలుగున్నర ఇవ్వడానికి అభ్యంతరం లేదు.

చేరాలనుకునేవారు డబ్బు కట్టకముందే ఒక శనివారం శ్రోతగా వెళ్లి కూర్చోవచ్చు, ఎవరూ అడ్డుకోరు. మెట్లు ఎత్తుగా ఉన్నాయి, లిఫ్టు లేదు. మోకాళ్ల నొప్పులున్నవారు ముందే ఫోను చేస్తే తరగతిని కింద ఉన్న గదికి మారుస్తామని చెబుతున్నారు. దేవరకొండ, మిర్యాలగూడ వైపు నుంచి వచ్చేవారు శనివారాల్లో తమ వంతు మొదట్లోనే వేయించుకోవాలి. సభ ఎనిమిదిన్నర దాటినా ముగియదు, ఆ తరవాత బస్సులు పలుచబడతాయి.